అమ్మ అస్థికలు సముద్రంలో కలిపేశారు, ఇక అమ్మ లేవదా?

ప్రశ్న: అన్నగారూ, మాది గాజువాక. నాన్న పోయిన తర్వాత అమ్మ నాతోపాటు మందిరానికి రావడం మొదలుపెట్టి, బాప్తిస్మం తీసుకుంది. అన్నయ్యలిద్దరూ హిందువులే. మొన్న వేసవిలో అమ్మ చనిపోయింది. "నన్ను మట్టిలోనే పెట్టండే" అని నాతో అనేది గానీ అన్నయ్యలతో ఎప్పుడూ అనలేదు. ఆ రోజు పెద్దన్నయ్య దహనం అన్నాడు. నేను ఏడుస్తూ ఉండిపోయాను, అడ్డు చెప్పలేకపోయాను. అస్థికలు భీమిలిలో, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కలిపారు. కోపంతో నేను పెద్దకర్మకు వెళ్ళలేదు. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. మా సంఘంలో ఒక పెద్దాయన "సమాధి చెయ్యకపోతే పునరుత్థానం ఎక్కడినుంచి వస్తుందమ్మా" అన్నారు. ఆ రోజునుంచి నాకు నిద్ర లేదు. ఇంకొకటి. అన్నయ్య ఒకసారి నన్నడిగాడు: "తప్పు చేసింది ఒకడు, చచ్చింది ఇంకొకడు. ఇదేం న్యాయం? మనూరి పండక్కి మేకని కోసినదానికీ దీనికీ తేడా ఏటి?" నేను జవాబు చెప్పలేకపోయాను. అమ్మ లేస్తుందా? అన్నయ్యకు ఏం చెప్పాలి?

సమాధానం: చెల్లెమ్మా, మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. లేస్తుంది. మీ అమ్మ ప్రభువును నమ్ముకుని కన్నుమూసింది. ఆమె దేహం మట్టిలోకి వెళ్ళిందా, మంటలోకి వెళ్ళిందా, నీళ్ళలోకి వెళ్ళిందా అన్నది చూసి దేవుడు ఆమెను లేపడమో మానడమో చేస్తాడని ఆదికాండం మొదలు ప్రకటన గ్రంథం దాకా ఎక్కడా లేదు. ఆ పెద్దాయన ఏ ఉద్దేశంతో అన్నారో గానీ, తల్లిని పోగొట్టుకున్న కూతురితో అనవలసిన మాట కాదది. పైగా వాక్యం ముందు నిలిచే మాట కూడా కాదు.

ఇలాంటి మాట మొదట అన్నది క్రైస్తవులు కారు, క్రైస్తవులను చంపినవాళ్ళు. క్రీ.శ. 177లో ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో విశ్వాసులను హింసించి చంపారు. చంపాక శవాలను బంధువులకు ఇవ్వలేదు. కాల్చి, బూడిద చేసి, ఆ బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. "వీళ్ళు తిరిగి లేస్తామనే ఆశతోనే చావుకు భయపడటం లేదు, ఇప్పుడు లేస్తారేమో చూద్దాం" అన్నది వాళ్ళ లెక్క. బతికి బయటపడ్డ సంఘస్థులు ఈ సంగతంతా ఉత్తరం రాశారు, చరిత్రకారుడు యూసేబియస్ దాన్ని భద్రపరిచాడు. ఆ సంఘం తనవాళ్ళను పాతిపెట్టుకోలేకపోయినందుకు కుమిలిపోయింది, అది నిజం. కానీ వాళ్ళకిక పునరుత్థానం లేదని మాత్రం ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మీ సంఘ పెద్దగారి మాటే నిజమైతే ఆ బూడిద ఊడ్చినవాళ్ళు దేవుడి మీద గెలిచినట్టే కదా!

మనది సముద్రం పక్క ఊరు. జాలారిపేటలో అడగండి, వేటకు వెళ్ళి తిరిగిరాని మనిషి జ్ఞాపకం లేని ఇళ్ళు ఎన్ని ఉంటాయి? వాళ్ళలో ప్రభువును నమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు పెట్టె లేదు, గొయ్యి లేదు, మట్టి వేసిన చెయ్యి లేదు. ప్రకటన 20వ అధ్యాయం 13వ వచనం అలాంటివాళ్ళను మరిచిపోలేదు: "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను." మీ అన్నయ్య అమ్మను ఎక్కడ కలిపాడో ఆ నీళ్ళకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

అదే భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధులు ఉన్నాయి, ఎప్పుడైనా చూశారా? కొన్ని 17వ శతాబ్దం నాటివి. పెద్ద పెద్ద రాళ్ళు నిలబెట్టి, పేర్లు చెక్కించి, క్రైస్తవ పద్ధతిలోనే పాతిపెట్టారు వాళ్ళను. ఉప్పుగాలికి రాళ్ళే అరిగిపోతున్నాయి, ఇక లోపల ఏం మిగిలి ఉంటుంది? "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అని ఆదాముతో అన్నమాట పెట్టెలో పడుకున్నవాళ్ళకూ తప్పలేదు. మట్టి ఏళ్ళ తరబడి చేసే పనిని నిప్పు గంటల్లో చేస్తుంది. లేపే దేవుడికి రెండూ ఒకటే.

యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగను తలచుకోండి. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అనే వాగ్దానం బైబిల్లో అంత సూటిగా అందుకున్న మనిషి ఇంకొకడు లేడు. అతని శవం ఏమైంది? ఎవరైనా పాతిపెట్టారా, కుక్కల పాలైందా? నాలుగు సువార్తల్లో ఒక్క ముక్క లేదు. చెప్పవలసిన అవసరం సువార్తికులకు కనిపించలేదు. పాత నిబంధనలో ఇశ్రాయేలు మొదటి రాజు సౌలును, అతని కొడుకులను యాబేష్గిలాదు ఊరివాళ్ళు ముందు దహనం చేసి, తర్వాత ఎముకలు పాతిపెట్టారు. వాళ్ళు చేసిన ఆ పనిని దావీదు దీవించాడేగానీ తప్పుపట్టలేదు.

"అలాంటప్పుడు క్రీస్తు సమాధిని వాక్యం అంత గట్టిగా ఎందుకు చెబుతుంది?" అని మీ పెద్దాయన అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పౌలు కొరింథువాళ్ళకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం తీయండి: "లేఖనముల ప్రకారము క్రీస్తు మన పాపములనిమిత్తము మృతిపొందెను, సమాధిచేయబడెను, లేఖనముల ప్రకారము మూడవదినమున లేపబడెను." ఈ ఉత్తరం సుమారు క్రీ.శ. 55 నాటిది, అంటే సిలువ జరిగి పాతికేళ్ళు అటూ ఇటూ. అప్పటికే అది తన సొంత మాట కాదనీ, తనకు అందినదాన్నే అప్పగిస్తున్నాననీ పౌలు అంటున్నాడు. చావుకూ లేవడానికీ మధ్యలో "సమాధిచేయబడెను" అని ఆగి చెప్పడంలో అర్థం ఉంది. ఆయన మూర్ఛపోలేదు, చచ్చినట్టు కనిపించలేదు, నిజంగా చనిపోయాడు. మార్కు 15 చూడండి. ఆయన అప్పుడే చనిపోయాడంటే పిలాతు నమ్మలేదు. శతాధిపతిని పిలిపించి అడిగి, నిజమని తెలుసుకున్నాకే శవాన్ని అప్పగించాడు. మగ్దలేనే మరియ, ఇంకొక మరియ ఆయనను ఎక్కడ ఉంచారో కళ్ళారా చూశారు. ఆదివారం తెల్లవారుజామున వేరే సమాధి దగ్గరికి పొరపాటున వెళ్ళారనడానికి వీల్లేకుండా ఆ వచనం అక్కడ ఉంది.

కాబట్టి ఆ సమాధి ఆయన చావుకు సాక్ష్యం. మనం లేవడానికి అదొక షరతు అని పౌలు ఎక్కడా అనలేదు.

పైగా ఆయనను పెట్టిన తీరు మన సమాధుల తోటలో పెట్టే తీరు కాదు. పెట్టె లేదు, ఆరడుగుల గొయ్యి లేదు. రాతిలో తొలిచిన గుహలో నారబట్టలు చుట్టి పడుకోబెట్టి, రాయి దొర్లించారు. ఆ కాలంలో యెరూషలేములో చాలా కుటుంబాలు ఒక ఏడాది గడిచాక ఎముకలు ఏరి, రాతిపెట్టెల్లో దాచుకునేవి. 1968లో అక్కడే దొరికిన అలాంటి ఒక పెట్టెలో మడమ ఎముక ఉంది, దానిలో సిలువ మేకు ఇంకా దిగబడే ఉంది. సిలువ వేసినవాళ్ళకు సమాధి ఉండేదే కాదని వాదించేవాళ్ళకు ఆ ఎముక ఒక్కటే జవాబు. అటు యాకోబును, యోసేపును ఐగుప్తు పద్ధతిలో సుగంధద్రవ్యాలతో భద్రపరిచారు. అబ్రాహాము భార్యకోసం నాలుగు వందల తులాల వెండి పోసి మక్పేలా గుహ కొన్నాడు. పద్ధతులు ఇన్ని. మన పద్ధతి ఒక్కటే వాక్యానుసారమని ఎవరైనా అంటే వాళ్ళు వాక్యం తక్కువ చదివారనుకోవాలి.

మిమ్మల్ని బాధపెడుతున్నది ఇంకొకటి ఉంది, ఉత్తరంలో వరుసల మధ్య కనిపిస్తోంది. అమ్మ కోరిక నాకు తెలిసీ నేను నోరు విప్పలేకపోయానే అని. చెల్లెమ్మా, యేసును పాతిపెట్టింది ఆయన పన్నెండుమంది శిష్యుల్లో ఎవరు? ఒక్కరూ కాదు. అందరూ పారిపోయారు. అరిమతయి యోసేపు, ఆయనను శిక్షకు పంపిన మహాసభలోనే సభ్యుడు, వెళ్ళి దేహం అడిగాడు. రాత్రిపూట చాటుగా వచ్చి మాట్లాడిన నీకొదేము సుగంధద్రవ్యాలు తెచ్చాడు. ఆ అంత్యక్రియలకు దగ్గరలేని శిష్యులతో లేచిన ప్రభువు మొదట అన్నమాట "మీకు సమాధానము కలుగును గాక." నువ్వు ఎందుకు రాలేదని ఎవర్నీ నిలదీయలేదు. దుఃఖంలో నోరు పెగలని కూతురి మీద ఆయన నేరం మోపడు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. భూస్థాపనను క్రైస్తవులు మొదటినుంచీ ఇష్టపడటానికి మంచి కారణమే ఉంది. శరీరం పారేసే వస్తువు కాదు, దేవుడు చేసినది, తిరిగి లేపబోయేది అన్న నమ్మకాన్ని ఆ పద్ధతి కళ్ళకు కట్టినట్టు చూపిస్తుంది. ఆర్థడాక్స్ సంఘాలు ఇప్పటికీ దహనాన్ని ఒప్పుకోవు. రోమన్ కాథలిక్ సంఘం 1963లో అనుమతించింది. పునరుత్థానాన్ని కాదనడానికే చేస్తే తప్ప తప్పు లేదంది. 2016లో మాత్రం, అస్థికలను చల్లకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు, పవిత్రమైన చోట భద్రపరచాలి అని చెప్పింది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావరకు కుటుంబం మనస్సాక్షికి వదిలేస్తాయి. నా మట్టుకు నేను భూస్థాపననే కోరుకుంటాను. కానీ కోరుకోవడం వేరు, జరగనివాళ్ళను నరకానికి పంపడం వేరు.

ఇక మీ అన్నయ్య ప్రశ్న. దాన్ని వెటకారం అనుకోకండి. ఆయన ఆలోచించే అడిగాడు, బైబిలే ఆ ప్రశ్న ముందు అడిగింది. యెహెజ్కేలు 18లో "పాపము చేయువాడే మరణము నొందును" అని దేవుడే అంటాడు. తండ్రి తప్పు కొడుకు మీద, కొడుకు తప్పు తండ్రి మీద వెయ్యనంటాడు. అలాంటి దేవుడు ఏ సంబంధమూ లేని మూడో మనిషిని పట్టుకొచ్చి బలి ఇచ్చి ఉంటే మీ అన్నయ్యదే న్యాయం. సువార్త చెబుతున్నది అది కాదు. "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు యేసు. "దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు" అన్నది పౌలు మాటల సారం. అన్యాయానికి గురైనవాడే ఆ నష్టాన్ని తన మీద వేసుకున్నాడు. క్షమించిన ప్రతిసారీ జరిగేది అదే. మీ మీద అబద్ధం ఆడిన మనిషిని మీరు నిజంగా క్షమిస్తే, ఆ అబద్ధం వల్ల పోయిన పరువు ఎవరు భరిస్తారు? మీరే. ఖర్చు లేని క్షమాపణ ఎక్కడా లేదు. సిలువ మీద ఆ ఖర్చు దేవుడు తానే పెట్టుకున్నాడని మనం నమ్ముతాం. తండ్రి కోపంగా ఒకవైపు, కుమారుడు నిస్సహాయంగా ఒకవైపు నిలబడ్డట్టు కొందరు బోధకులు బొమ్మ గీస్తారు, మీ అన్నయ్య వినివుంటే అలాంటిదే విని ఉంటాడు. ఆ బొమ్మను మీరు వెనకేసుకురావలసిన పని లేదు.

మేక సంగతి. లేవీయకాండం 16, 17 అధ్యాయాలు అన్నయ్యతో కలిసి చదవండి, ఆయనకు మనకన్నా త్వరగా అర్థమవుతుంది, ఎందుకంటే బలి ఎలా ఉంటుందో ఆయన కళ్ళతో చూశాడు. ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు. ఒకదాన్ని వధిస్తారు. రెండోదాన్ని చంపరు. యాజకుడు దాని తల మీద రెండు చేతులూ పెట్టి జనం పాపాలన్నీ ఒప్పుకుని, ప్రాణంతోనే అడవికి పంపేస్తాడు. అంటే ఇక్కడి ఉద్దేశం చంపి తృప్తిపరచడం ఒక్కటే కాదు, పాపాన్ని మన మధ్యనుంచి మోయించి పంపేయడం కూడా. దేవుడికి ఆకలి లేదు. "వృషభముల మాంసము నేను తిందునా?" అని 50వ కీర్తనలో ఆయనే అడుగుతాడు. రక్తం విషయంలో లేవీయకాండం 17:11 ఒక వింత మాట చెబుతుంది: మీకోసం ప్రాయశ్చిత్తం జరగడానికి దాన్ని నేనే మీకు ఇచ్చాను అని. ఊరి పండగలో మనిషి దేవతకు ఇస్తాడు. ఇక్కడ దేవుడు మనిషికి ఇస్తున్నాడు. మీ అన్నయ్య అడిగిన తేడా ఇదే. ఈ దారి చివరికి సిలువ దగ్గరికి వస్తుంది. "ఎడ్లయొక్కయు మేకలయొక్కయు రక్తము పాపములను తీసివేయుట అసాధ్యము" అని హెబ్రీ పత్రిక తేల్చేసింది, క్రీస్తు ఒక్కసారే అర్పించుకున్నాడని, మళ్ళీ బలి అక్కర్లేదని చెప్పింది. పస్కా గొఱ్ఱెపిల్ల సంగతి కూడా అంతే. నిర్గమకాండం 12లో ఆ రక్తం ద్వారబంధాలకు పూసింది బానిసలు బయటపడే రాత్రి. శిక్ష మాటకన్నా విడుదల మాటే అక్కడ పెద్దది. యేసు చనిపోయింది ఆ పస్కా పండగ రోజుల్లోనే.

ఈ రహస్యాన్ని క్రైస్తవులే ఒక్కలా వివరించలేదు. మొదటి శతాబ్దాల గురువులు ఎక్కువగా మరణం మీద, సాతాను మీద విజయమన్నారు. కాంటర్బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ 11వ శతాబ్దం చివర్లో, మనిషి దేవుడికి బాకీపడ్డ ఘనతను దేవుడే మనిషై చెల్లించాడన్నాడు. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తలు మన శిక్ష ఆయన భరించాడన్నారు. సంఘాలు ఆరాధనలో చెప్పుకునే క్రీ.శ. 381 నాటి విశ్వాసప్రమాణం మాత్రం ఏ వివరణా ఇవ్వకుండా, మనకోసం పొంతి పిలాతు కాలంలో సిలువ వేయబడ్డాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు అని ఊరుకుంది. అన్నయ్య ముందు మీరూ అన్నీ తెలిసినట్టు మాట్లాడనక్కర్లేదు. అపొస్తలుల కార్యములు 8లో, యెషయా 53 చదువుతూ "ప్రవక్త ఎవరి గురించి ఈ మాట చెబుతున్నాడు?" అని ఒక ఐతియోపీయుడు దారిలో సువార్తికుడు ఫిలిప్పును అడిగాడు. ఫిలిప్పు రథమెక్కి పక్కన కూర్చున్నాడు. పక్కన కూర్చోవడం దగ్గర మొదలుపెట్టండి.

అమ్మ ఎలా లేస్తుంది అంటే, దానికి వాక్యం ఇచ్చిన పోలిక పొలంలోది. "శరీరము క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును." నాటిన గింజ చేతికి రాదు, దానినుంచి వచ్చిన పైరు వస్తుంది. అయినా ఆ గింజ పైరే అది. దేవుడు అమ్మ అణువులను గోస్తనీ నీళ్ళలో వెతుక్కోవలసిన అవసరం లేదు. అలాగని అమ్మ ఆకారం లేని వెలుగుగా మిగిలిపోతుందనీ కాదు. లేచిన యేసును చూసి శిష్యులు భూతమనుకుని భయపడ్డారు. ఆయన చేతులూ కాళ్ళూ చూపించి, "తినడానికి ఏమైనా ఉందా" అని అడిగి, వాళ్ళిచ్చిన కాల్చిన చేప ముక్క వాళ్ళ ఎదుటే తిన్నాడు. లూకా 24లో నాకు చాలా ఇష్టమైన చోటు అది. గాయాల గుర్తులు ఉన్నాయి, చావు మాత్రం లేదు. చనిపోయాక యేసు బతికించిన లాజరు లేచి మళ్ళీ ఒకరోజు చనిపోయి ఉంటాడు, ఇది అలాంటి లేవడం కాదు. మరో జన్మ ఎత్తడమూ కాదు. మీ అమ్మ మీ అమ్మగానే లేస్తుంది. ఇదంతా క్రీస్తు లేచాడన్న ఒక్కదాని మీదే నిలబడి ఉంది. ఆయన లేవకపోతే మా ప్రకటనా వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని పౌలు దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. పందెం అంతా అక్కడే పెట్టాడు, అమ్మ సమాధి మీద కాదు.

అలాగని ఏడవడం మానమని మీకు చెప్పను. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆ సమాధి దగ్గర "యేసు కన్నీళ్లు విడిచెను."

పెద్దకర్మకు వెళ్ళకపోవడం గురించి: పూజలో, పిండప్రదానంలో పాలుపంచుకోలేనని మీ మనస్సాక్షి చెబితే దానికి లోబడటం సరైనదే. కానీ ఆ ఇంట్లో ఒక పక్కన కూతురిగా కూర్చోవడానికి ఏ వాక్యమూ అడ్డు రాదు. కోపంతో మానేశానని మీరే రాశారు కాబట్టి ఇంతకన్నా ఏమీ అనను. అన్నయ్యకు అమ్మ కోరిక తెలియదు. తనకు తెలిసిన ధర్మం ప్రకారం, కొడుకుగా తాను చెయ్యవలసిందంతా చేశాడు. ఆ పనిలో ప్రేమ ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు ఆయనకు తెలియాలి.

ఈ ఆదివారం మందిరం అయ్యాక నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళండి. ఫోన్ వద్దు. అమ్మను చివరిదాకా మోసినందుకు కృతజ్ఞత చెప్పండి, పెద్దకర్మకు రానందుకు క్షమించమని అడగండి. అమ్మ మట్టి కోరిన సంగతి ఆ రోజే చెప్పకండి. చెబితే ఆయన మోయలేడు. మాటలు కలిశాక, ఆయనే అడిగితే, మెల్లగా చెప్పవచ్చు. తర్వాత మీ పాస్టరు అయ్యగారితో మాట్లాడి అమ్మ పేరున మీ ఇంట్లో ఒక జ్ఞాపకార్థ కూటం పెట్టించండి, అన్నయ్యలను, వదినలను పిలవండి, భోజనం పెట్టండి. ఆ కూటంలో ఎవరి మతాన్నీ కించపరచకూడదని అయ్యగారికి ముందే చెప్పండి. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళుతుంటే మీకు గుండె పిండేసినట్టు ఉంటుంది, అది నాకు అర్థమవుతుంది. దేహం లేకపోయినా పేరు చెక్కిన చిన్న పలక పెట్టుకోనిస్తారేమో సమాధుల తోట కమిటీని అడగండి. ఒప్పుకోకపోతే భీమిలి వెళ్ళండి. అక్కడ నిలబడి 1 కొరింథీయులు 15 గట్టిగా చదువుకోండి. అన్నయ్య వస్తానంటే తీసుకెళ్ళండి.

మీ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మీకు భూస్థాపన కావాలంటే ఆ సంగతి కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఒక కాపీ పిల్లలకు, ఒకటి సంఘానికి ఇవ్వండి. అన్నయ్యలకూ చెప్పి ఉంచండి.